గేరు మీద చెయ్యి

సోఫా మీది ఎర్ర దిండు మళ్ళీ కనబడలేదు. ఇంతకు ముందు పోయినప్పుడు ఊరుకున్నాను. ఈసారి అడిగాను.

"దిండు ఏదండీ?"

"ఏ దిండు?" అన్నారు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"ఇంట్లో ఎన్ని ఎర్ర దిండ్లున్నాయి?"

"నాకేం తెలుసు? దిండ్ల సంగతి నీ డిపార్ట్‌మెంటు."

"అందుకే అడుగుతున్నా. పొద్దున సర్దినప్పుడు ఉంది. ఆకుపచ్చది ఇక్కడే ఉంది. ఎర్రది నడిచి వెళ్ళిందా?"

"ఒక్క దిండు కోసం ఇంత రాద్ధాంతమా జమీలా? దిండు లేకపోతే సోఫా పడిపోద్దా?"

"పడిపోదు. ఒకవైపు ఉండి ఇంకోవైపు లేకపోతే నాకు అక్కడ కూర్చోబుద్ధి కాదు."

"అయితే ఆ ఆకుపచ్చది కూడా లోపల పెట్టెయ్. రెండువైపులా సమానం అయిపోద్ది."

అంతదాకా డైనింగ్ టేబుల్ దగ్గర చదువుకుంటున్న మా అమ్మాయి ఆరిఫా పుస్తకంలోంచే అంది: "ఇట్స్ ఇన్ ద యూట్, అమ్మా."

ఆయన పేపరు దించి కూతురి వంక చూశారు, ఇంటి దొంగను చూసినట్టు. ఆరిఫా తల ఎత్తలేదు గాని నవ్వాపుకుంటోందని భుజాలు చెబుతున్నాయి.

యూట్ అంటే వెనక తొట్టి ఉండే బండి. ఇక్కడి వాళ్ళ మాట అది. మాది వాటిలో మోటు రకం, టన్ను బరువు మోసే డీజిల్ బండి. ముందు ఒకే ఒక పొడుగాటి సీటు. అడ్డంగా ముగ్గురు కూర్చోవచ్చు. జూలై చలిలో శాలువా కప్పుకుని వెళ్ళి తలుపు తీశాను. దిండు డ్రైవరు సీటుకి ఆనించి ఉంది. గలీబు మీద డీజిల్ మరక. తీసుకుని వచ్చేద్దామనుకుని ఆగాను. దిండు ఒక పక్కే అణిగిపోయి ఉంది. కుడివైపు ఉబ్బుగానే ఉంది, ఎడమవైపు మాత్రం రొట్టెలా పలచబడింది. మనిషి తిన్నగా కూర్చుంటే అట్లా అణగదు. నడుం వెనక్కి నొక్కిపెట్టి, ఒళ్ళంతా కూడదీసుకుని ఎడమ కాలితో దేన్నో తొక్కితే అణుగుతుంది.

దిండు అక్కడే వదిలేసి లోపలికొచ్చాను. ఆరిఫా స్నానానికి వెళ్ళేదాకా ఆగి, "మోకాలు ఎప్పటి నుంచి?" అన్నాను.

"ఏ మోకాలు?" అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశారు. "పిల్లకి చెప్పొద్దు," అన్నారు మెల్లగా.

*

మాది చిలకలూరిపేట. మా మామగారికి అక్కడ లారీలుండేవి. మా బావగారు మీరావలి ఇప్పటికీ పత్తి, మిరపకాయల లోడ్లు తిప్పుతున్నారు. మా ఆయన మహబూబ్ పాషా ఒక్కరే పాలిటెక్నిక్ చదివి, కంప్యూటర్ల రిపేరు నేర్చుకుని, వీసా మీద మెల్‌బోర్న్ వచ్చారు. వెర్రిబీలో ఇల్లు తీసుకున్నాం. మొదట్లో ఒక కంపెనీలో పనిచేశారు. తర్వాత, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోతాయని ఊరూవాడా భయపడిన రోజుల్లో, సొంతంగా పని మొదలుపెట్టారు. చిన్న ఊళ్ళలో ఆఫీసులు, స్కూళ్ళు, డెంటిస్టులు, అందరూ పాతవి తీసేసి కొత్తవి పెట్టుకోవడమే. ఈయన కొత్తవి పట్టుకెళ్ళి బిగించి, పాతవి బండిలో వేసుకొచ్చేవారు. జనవరి ఒకటి వచ్చింది, ఏమీ కాలేదు. పని మాత్రం తగ్గలేదు. ఈసారి అందరికీ ఇంటర్నెట్ కావాల్సి వచ్చింది.

ఆ పనికి కొన్న బండి అది. ఈ దేశం వచ్చిన ఏడాదే నేను ఆటోమేటిక్ కారు మీద లైసెన్సు తెచ్చుకున్నాను. తెలిసిన ఆడవాళ్ళంతా అట్లాగే తెచ్చుకున్నారు. మా ఆయనకి మాత్రం గేర్లు లేనిది బండి కాదు. "గేరు వేస్తేనే బండి మన మాట వింటది. లేకపోతే అది తీసుకుపోతే మనం పోతాం," అనేవారు.

ఆరిఫాకి తొమ్మిదేళ్ళప్పుడు ఆ బండి వచ్చింది. ముందు సీట్లో మధ్యలో కూర్చునేది. గేరు రాడ్డు సరిగ్గా దాని మోకాళ్ళ ముందు ఉండేది. లారీల్లో డ్రైవర్లు ముచ్చటకి పక్కవాళ్ళ చేత గేరు వేయించడం పేటలో మామూలే. వాళ్ళ నాన్న ఈయన చేత వేయించారట. ఈయన ఆరిఫా చేత వేయించారు. మొదట్లో "ఇప్పుడు", "కిందికి", "నీ వైపుకి లాగి పైకి", అని చెప్పేవారు. కొన్నాళ్ళకి చెప్పడం మానేశారు. ఈయన క్లచ్చి తొక్కితే ఆ పిల్ల చెయ్యి కదిలేది. ఇంజను గొంతు మారగానే ఇద్దరికీ ఒకేసారి తెలిసేది. ఎదురుగా దారి చూస్తూ, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా, గంట పైన దూరమున్న బాలరాట్ ఊరిదాకా అట్లా వెళ్ళిపోయేవాళ్ళు.

ఇంట్లో వాళ్ళిద్దరి మాటలు అంత సాఫీగా నడవవు. ఆయన తెలుగులో ఒకటి అడుగుతారు, అది ఇంగ్లీషులో ఇంకోటి చెబుతుంది. ఆయన ఇంగ్లీషు కంప్యూటర్ల గురించైతే బాగా నడుస్తుంది. మనసులో మాట చెప్పాల్సి వస్తే ఆగిపోతుంది. దాని తెలుగు అన్నం, స్నానం, నిద్ర దాటి పెద్దగా ముందుకు పోలేదు. మధ్యలో నేను అటు మాట ఇటు, ఇటు మాట అటు అందిస్తుంటాను. బండిలో మాత్రం వాళ్ళకి నాతో అవసరం లేదు.

ఇప్పుడు అది పన్నెండో క్లాసు. పదిహేడు దాటింది. లెర్నర్ లైసెన్సు కూడా ఉంది. అయినా శనివారం పొద్దున్నే లేచి, కళ్ళు నలుపుకుంటూ వెళ్ళి మధ్య సీట్లో కూర్చుంటుంది.

*

డాక్టరు చెప్పింది ఏమిటంటే, ఎడమ మోకాలు అరిగింది, బరువైన క్లచ్చి తొక్కడం తగ్గించాలి. ఆయన విన్నది ఏమిటంటే, నొప్పి మాత్రలు వాడాలి. ఈ సంగతి నాకు డాక్టరు దగ్గర నేనే కూర్చున్నాక తెలిసింది.

"కొత్త బండి చూద్దాం," అన్నాను.

"చూడటానికి ఏముంది, చూద్దాం," అన్నారు, చూస్తే పోయేదేముందన్నట్టు.

మెల్టన్ దగ్గర షోరూముకి ముగ్గురం వెళ్ళాం. అమ్మే ఆయన పేరు కెవిన్. ఎర్రటి మనిషి, నల్ల కళ్ళద్దాలు నెత్తి మీద పెట్టుకుని ఉన్నాడు. మా ఆయన అక్కడున్న కొత్త బండి చుట్టూ తిరిగి టైర్లు తన్ని, కింద పడుకుని చూసి, తొట్టి తలుపు తీసి మూసి, అంతా అయ్యాక, "గేరు బండి చూపించు," అన్నారు.

కెవిన్ తల గోక్కున్నాడు. గేరుది కావాలంటే ప్రత్యేకంగా చెప్పి తెప్పించాలి, నెలలు పడుతుంది, తర్వాత వచ్చే మోడల్లో ఇంత పెద్ద బండికి అసలు ఇస్తారో లేదో తెలియదు, అన్నాడు. అమెరికాలో ఇంతకన్నా పెద్ద బండ్లకి కూడా అడిగేవాళ్ళు తగ్గిపోతున్నారట. "మా నాన్న దుంగల లారీ తోలాడు, మేట్," అన్నాడు చివర్లో. "నేను గేర్ల మీదే నేర్చుకున్నాను. మా పిల్లలకి క్లచ్చి ఏ కాలితో తొక్కుతారో కూడా తెలియదు."

మా ఆయనకి ఆ మాట నచ్చినట్టుంది. దుంగల లారీ తోలిన మనిషి కొడుకు మాట తీసెయ్యలేక, ఆటోమేటిక్ దాన్నే ఒకసారి తోలి చూస్తానన్నారు.

ముందు కెవిన్, ఆయన. వెనక సీట్లో నేనూ ఆరిఫా. బండి పట్టులా కదిలింది. మొదటి సిగ్నలు దాకా అంతా బాగానే ఉంది. ఎర్ర దీపం పడగానే ఆయన ఎడమ కాలు, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, క్లచ్చి కోసం వెళ్ళింది. అక్కడ క్లచ్చి లేదు. వెడల్పాటి బ్రేకు ఉంది. దాన్ని ప్రాణం పెట్టి తొక్కారు. బండి ఉన్నచోటే కూలబడింది. కెవిన్ కళ్ళద్దాలు నెత్తి మీద నుంచి ఎగిరి అద్దానికి కొట్టుకున్నాయి. నా చేతిసంచీలోని బత్తాయిపండు దొర్లుకుంటూ ఎక్కడికో పోయింది.

"సారీ," అన్నారు.

"అందరూ అదే చేస్తారు, మేట్," అన్నాడు కెవిన్, కళ్ళద్దాలు వెతుక్కుంటూ.

ఊరు దాటాం. చిన్న ఎత్తు ఎక్కి దిగుతున్నాం. ఇంజను చప్పుడు ఉన్నట్టుండి పడిపోయింది. బండి గాలికి కొట్టుకుపోతున్నట్టు జారుతోంది. కెవిన్ కిందికి చూశాడు. మా ఆయన చెయ్యి తాపీగా రాడ్డు మీద ఉంది. న్యూట్రల్లో పెట్టేశారు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు కెవిన్. ఈసారి మేట్ అనలేదు.

"డౌను కదా. డీజిలు ఆదా," అన్నారు మా ఆయన ఇంగ్లీషులో, ఎంతో ఓపికగా. దిగుడు కనబడితే న్యూట్రల్ కొట్టని డ్రైవరుని తన తండ్రి పనిలో పెట్టుకునేవాడు కాడని కూడా వివరించారు. కెవిన్ ఒక చేత్తో తన బెల్టు, ఇంకో చేత్తో పైన పట్టీ పట్టుకుని విన్నాడు. బండి కింద పల్లానికి వచ్చాక ఆయన మళ్ళీ డ్రైవ్‌లోకి తోశారు. లోపల ఏదో మూలిగింది. కెవిన్ కళ్ళు మూసుకున్నాడు. ఆరిఫా స్కార్ఫు చెంగు నోట్లో కుక్కుకుని నా ఒళ్ళోకి వాలిపోయింది, నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళొచ్చి.

షోరూముకి వచ్చాక ఆయన దిగి, బండి లోపలికి మళ్ళీ ఒకసారి తొంగి చూశారు. ముందు రెండు సీట్ల మధ్య పెద్ద పెట్టె ఉంది, కాఫీ కప్పులు పెట్టుకునే గుంటలతో.

"ఇక్కడ మధ్య సీటు లేదు, చూశావా?" అన్నారు ఆరిఫాతో.

"యా. కప్ హోల్డర్స్."

"మరి నువ్వెక్కడ కూర్చుంటావు?"

అది భుజాలెగరేసింది. "విండో, ఐ గెస్."

ఆయన ఆ గుంటల్లో ఒకదాని అంచుని వేలితో తడిమి తలుపు మూశారు.

*

ఇంటికొచ్చాక, వద్దన్నారు. ఎందుకు వద్దో మాత్రం రోజుకొక కారణం చెప్పారు. ఒకరోజు, ఆటోమేటిక్ బండికి ఎత్తులో దమ్ముండదన్నారు. ఇంకోరోజు, ఎడమ కాలికి పని లేకపోతే తనకి నిద్రొస్తుందన్నారు. తర్వాత, ఆ కెవిన్ మనిషి నమ్మకంగా లేడన్నారు. పాపం, కెవిన్.

ఆ ఆదివారం మా బావగారు పేట నుంచి ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టకపోయినా ఆయన గొంతు వంటింట్లోకి వినబడుతుంది.

"గేర్లు లేని బండా? అది బండేందిరా పాషా, ఉయ్యాల! మరి ఎడం కాలు ఏం చేసుద్ది? ఇంట్లో పెట్టి పోతావా?"

"అదే నేనూ అంటున్నది, అన్నా," అన్నారు ఈయన, అప్పుడు కూడా ఆ కాలే చేత్తో రాసుకుంటూ.

"మా మరదలు చెప్పిందని కొంటావేమో! నాన్న ఉంటే నిన్ను లారీ కింద పడుకోబెట్టి గ్రీజు పూయించేవాడు."

"కొనటల్లేదులే అన్నా."

ఫోన్ పెట్టేశాక నాతో అన్నారు, "చూశావా, అన్న కూడా వద్దనే అన్నాడు."

"బావగారికి మీ మోకాలి సంగతి చెప్పారా?"

ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను బియ్యం కడగడంలో పడ్డాను. ఆయన వద్దంటున్నది బావగారు వెక్కిరించినందుకు కాదని నాకు తెలుసు. ఆయన అన్నగారి వెక్కిరింతలు పుట్టినప్పటి నుంచి పడుతూనే ఉన్నారు. దమ్ము, నిద్ర, కెవిన్, ఏవీ కావు. ఆ కప్పుల గుంటని వేలితో తడిమినప్పుడే నాకు అర్థమైంది. వచ్చే ఏడు ఆరిఫా యూనివర్సిటీకి పోతుంది, స్నేహితులొస్తారు, శనివారాలు ఎవరికిస్తుందో ఎవరికి తెలుసు. మిగిలిన ఈ కొన్ని శనివారాలైనా మధ్య సీట్లో ఆ పిల్ల చెయ్యి ఉండాలి. అందుకోసం మోకాలు అరిగినా సరే, ఆయనకి పట్టింపు లేదు.

ఇది పైకి అంటే కాదంటారు. అందుకని, "ఈ శనివారం నేనూ వస్తాను, దారిలో బంగారీ ఊళ్ళో రైతుల దగ్గర ఆలుగడ్డలు తెచ్చుకోవాలి," అన్నాను.

"నీకు బండిలో నడుం నొప్పి కదా?"

"ఆలుగడ్డలు బాగుంటాయి కదా."

*

శనివారం మంచు పట్టి ఉంది. వెనక తొట్టిలో ఒక స్కూలుకి ఇవ్వాల్సిన కొత్త కంప్యూటర్లు, టార్పాలిన్ కింద. లోడు బరువు బాగానే ఉంది. ఆయన స్టీరింగు దగ్గర, ఆరిఫా మధ్యలో, నేను కిటికీ పక్క. ఎర్ర దిండు ఆయన వెనక ఉంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

పక్కన కూర్చున్నాక ఎన్ని కనబడ్డాయో. సిగ్నలు ఎర్రగా ఉంటే చాలా దూరం నుంచే నెమ్మది చేస్తారు, పూర్తిగా ఆగాల్సిన పని లేకుండా. ఆగినా ఫస్టు వెయ్యరు, సెకండులోనే లాగుతారు, ఒకసారి తక్కువ తొక్కొచ్చని. క్లచ్చి తొక్కేముందు కింది పెదవి లోపలికి పోతుంది. ఆరిఫా చెయ్యి మాత్రం రాడ్డు గుండు మీద మెత్తగా, పిల్లి మీద పెట్టినట్టు ఉంది.

బాకస్ మార్ష్ దాటాక ఎత్తు మొదలైంది. పెంట్లాండ్ కొండల ఎక్కుడు పొడుగ్గా ఉంటుంది, లోడు మీద ఉన్న బండికి ఇంకా పొడుగు. టాపు గేరులోంచి నాలుగుకి దించారు. కొంత దూరం పోయాక ఇంజను గొంతు బరువెక్కింది. ఇప్పుడు మూడుకి దించాలని నాకే తెలిసింది, నా పక్కన ఆ పిల్ల మణికట్టు బిగుసుకుంది కాబట్టి. ఆయన పెదవి కరిచారు. కాలు వెళ్ళింది. ఆరిఫా చెయ్యి లాగింది.

ఆయన నోట్లోంచి "హా" అని చిన్న శబ్దం వచ్చింది. మోకాలు పట్టు వదిలేసింది. గేరు ఇంకా సగంలో ఉండగానే క్లచ్చి పైకి లేచిపోయింది. కింద ఇనుము ఇనుముని కొరికినట్టు కర్రుమని, రాడ్డు ఎదురుతన్ని ఆరిఫా వేళ్ళ మీద కొట్టింది. బండి ఒక్క కుదుపు కుదిపింది. వెనక లారీ వాడు పెద్ద హారను. ఆయన ఎట్లాగో పక్కకి లాగి, గడ్డి అంచున ఆపారు.

ఇంజను ఆగిపోయిన బండిలో ముగ్గురి ఊపిర్లే వినబడుతున్నాయి.

"చెయ్యి చూపించు," అన్నారు ఆయన.

"ఐయామ్ ఫైన్, నాన్నా."

"చూపించమన్నానా!"

రెండు వేళ్ళు ఎర్రగా కందాయి, చూస్తుండగానే వాస్తున్నాయి. విరగలేదు. నేను అన్నీ వంచి చూశాను. నీళ్ళ సీసా చలికి గడ్డకట్టినట్టే ఉంది, దాన్ని వేళ్ళ మీద పెట్టాను. ఆయన ఆ చేతినే చూస్తున్నారు. ఇన్నేళ్ళలో ఆ మొహం నేను అట్లా ఎప్పుడూ చూడలేదు.

"కాలు జారింది," అన్నారు. "బూటు తడిగా ఉంది."

ఆరిఫా వాళ్ళ నాన్న వైపు తిరిగింది. ఇంగ్లీషులోనే చెప్పింది, కాని ఎంత నెమ్మదిగా చెప్పిందంటే నేను అందించాల్సిన అవసరం పడలేదు. బూటు కాదు, మోకాలు. ఈస్టర్ అప్పటి నుంచి తనకి తెలుసు. ఇదివరకు నాన్న కాలు వెంటనే కిందికి పోయేది, ఇప్పుడు మధ్యలో ఆగి పోతోంది. చేతికి తెలుస్తుంది. అందుకని తనూ ఆగి, కాలు పూర్తిగా పోయేదాకా చూసి అప్పుడు వేస్తోంది. ఈ రోజు లోడు ఎక్కువని తొందరపడింది.

"నా కోసం నువ్వు ఆగుతున్నావా?" అన్నారు ఆయన తెలుగులో.

"యా."

"చెప్పొచ్చుగా?"

"మీరు చెప్పొచ్చుగా?" అంది. తెలుగులోనే అంది. ఆ మాట మా ఇంట్లో నేను రోజూ అనేదే, నా యాసతో సహా దింపింది.

ఇంకో రోజైతే నవ్వేవారు. దిగి, బండి చుట్టూ ఒకసారి కుంటుకుంటూ తిరిగొచ్చి, "జమీలా, నువ్వు మధ్యలోకి రా," అన్నారు. "ఆరిఫా కిటికీ దగ్గర కూర్చుంటది."

"బట్ ఐ కెన్ యూజ్ ద అదర్ హ్యాండ్—"

"వద్దన్నా. ఇంక గేరు ముట్టుకోవద్దు."

అది కిటికీ వైపుకి జరిగి మొహం అద్దానికి తిప్పుకుంది. వేళ్ళు నొప్పని కాదు.

ఆ బండి కొన్న నాటి నుంచి మధ్య సీట్లో నేను కూర్చోవడం అదే మొదలు. రాడ్డు నా మోకాలికి తగులుతూ వణుకుతోంది. ఆయనే తొక్కుకుని, ఆయనే వేసుకుని, కొండ ఎక్కించారు. తొక్కిన ప్రతిసారి ముక్కులోంచి ఒక ఊపిరి గట్టిగా వచ్చేది. బయటివాళ్ళకి వినబడదు. అంత దగ్గర కూర్చున్నదాన్ని కాబట్టి నేను విన్నాను. ఆ చప్పుడుని ఆ పిల్ల ఈస్టర్ నుంచి వింటోందన్నమాట.

బాలరాట్‌లో స్కూలు వాళ్ళు సామాను దించుకున్నారు. ఆయన అన్నీ బిగించి వచ్చారు. ఆలుగడ్డల సంగతి నేనెత్తలేదు. వచ్చేటప్పుడు బంగారీ దగ్గర ఆయనే బండి ఆపి, ఒక గోతాం కొని, మమ్మల్ని మోయనివ్వకుండా తనే వెనక వేశారు.

*

ఆదివారం మధ్యాహ్నం బగారా అన్నం, ఆలుగడ్డ వేసిన ఖీమా చేశాను. ఆయన పొద్దున్నుంచి పెరట్లో బండి కడుగుతూనే ఉన్నారు. కాళ్ళ దగ్గర రబ్బరు తివాచీలు కూడా తీసి ఎండలో పెట్టారు. అమ్మే ముందు తప్ప ఎవరూ బండిని అంతగా కడగరు.

ఆరిఫా వేళ్ళకి కట్టుతో వచ్చి కూర్చుంది. చెంచాతో తినబోతే, ఆయన దాని కంచం తన ముందుకు లాక్కుని, అన్నం కలిపి, మళ్ళీ దాని ముందుకు నెట్టారు. చిన్నప్పటి తర్వాత ఎప్పుడూ చెయ్యలేదు. అది కిమ్మనకుండా తిన్నది.

"రేపు కెవిన్‌కి ఫోన్ చేస్తా," అన్నారు. "ఆటోమేటిక్ తీసుకుంటున్నాం. పాతది వాడికే ఇచ్చేస్తా."

ఆరిఫా చెంచా ఆగిపోయింది. "నో! వై?"

"నిన్నటి సంగతి చూశావుగా?"

"అది మీ లెగ్. నాట్ ద ట్రక్. నేను డ్రైవ్ చేస్తా దాన్ని. ఐ కెన్ డూ ద క్లచ్."

"నాకు పట్టిన గతి నీకెందుకు? అరిగింది నా కాలు. దెబ్బ తగిలింది నీ చేతికి. ఆ సీట్లో కూర్చోబెట్టింది నేనేగా."

"బట్ ఐ లైక్ ద గేర్స్, నాన్నా." అది చెంచా కంచంలో పడేసింది. "మీకోసం రావట్లేదు నేను. ఐ మీన్, మీకోసమే. బట్ నాకు కూడా."

ఆయన గ్లాసు ఎత్తి నీళ్ళు తాగి, మళ్ళీ అక్కడే పెట్టారు.

"నాకూ ఇష్టమే," అన్నారు. "చాలా ఇష్టం. ఇంకెవరి చెయ్యి ఆ రాడ్డు మీద ఉన్నా గేరు పడేది నాకు అట్లా తెలియదు. కాని నా కాలుని నేను నమ్మలేను. నమ్మలేని కాలు పక్కన నిన్ను పెట్టలేను."

ఇంగ్లీషులోకి మార్చి చెప్పనా అని నేను ఇద్దరి మొహాలూ చూశాను. ఆరిఫా కట్టుకట్టిన చేత్తోనే కళ్ళు తుడుచుకుంటోంది. అందించక్కర్లేదని ఊరుకున్నాను.

"మీ పెద్దనాన్న ఏమన్నా అననీ," అన్నారు ఆయన. "ఇంకో మాట. ఎల్ బోర్డు ఉంది కదా నీకు? వచ్చే శనివారం నుంచి బాలరాట్‌కి బండి నువ్వు తోలతావు. నేను పక్కన కూర్చుంటా."

"మీరా? పక్కనా?" అన్నాను నేను. పెళ్ళైనప్పటి నుంచి ఆయన ఎవరి పక్కనా కూర్చోలేదు. టాక్సీలో కూడా ఊరికే ఉండలేక డ్రైవరుకి దారి చెబుతారు.

"ఏం, కూర్చోలేనా?"

"కూర్చోగలరు. నోరు మూసుకుని కూర్చోగలరా అని."

"దేర్ విల్ బీ రూల్స్," అంది ఆరిఫా, ముక్కు ఎగబీల్చి.

"పెట్టుకో," అన్నారు ఆయన. "అన్నీ పెట్టుకో. జమీలా, ఆ ఖీమా ఇటు జరుపు."